ముత్తయ్య కోసిచ్చిన కట్టె

ఈ రోజు పొద్దున మంచిర్యాల పక్కన రైలు వంతెన కింద నా లారీ ఇరుక్కుంది. పై వరుస బస్తాలు చినిగి, బీడీలు చుట్టే తునికాకంతా రోడ్డు మీద పడింది.

నేను కొలవకుండా వచ్చే డ్రైవర్‌ను కాను. ఈ వంతెన ఎత్తుకు కోసిన వెదురు కట్టె ఎప్పుడూ బండిలోనే ఉంటుంది. రెండేళ్ల కింద రోడ్డు మేస్త్రీ ముత్తయ్య తన చేతులతో కొలిచి ఇచ్చాడు. సరుకు ఎక్కించాక పక్కన దాన్ని నిలబెట్టి చూస్తాను. ఈ రోజూ బస్తాలు కట్టె కంటే కిందే ఉన్నాయి.

టైర్లలో గాలి తీసి లారీని వెనక్కి లాగేసరికి పోలీసు జమేదారు వచ్చాడు. చుట్టూ చేరిన గుంపులోంచి ముత్తయ్యే ముందుకొచ్చి ఆయనతో చెప్పాడు.

"గీయనకు తొందరెక్కువ సాబ్. కొలవకుంటనే వచ్చిండు."

నేను కట్టె తెచ్చి వంతెన కింద పెట్టాను. నిటారుగా నిలవలేదు, జానెడు ఎక్కువైంది. పోయిన వారమే ముత్తయ్య అక్కడ కొత్త కంకర, డాంబరు పోయించాడు. ఖాళీ బండితో వెళ్తూ రోడ్డు బాగుపడిందని సంతోషించానే గాని, ఎత్తు పెరిగిందని నాకు తట్టలేదు. ఆయనకు తెలుసు. నిన్న నాతో కూర్చుని చాయ్ కూడా తాగాడు.

"రోడ్డు లేపిన ముచ్చట నాకెందుకు చెప్పలే, ముత్తన్నా?"

"నువ్వు అడగలే గద," అన్నాడు నేల చూస్తూ.

సాయంత్రం కట్టెను జానెడు తగ్గించాను. ఈసారి నేనే కోశాను. రేపు మళ్లీ అదే చాయ్ హోటల్ ముందు నుంచి పోవాలి, ఆయన అక్కడే కూర్చుని చెయ్యెత్తుతాడు. మీరైతే బండి ఆపుతారా?