పక్కవాడి చేతిలో ఎర్రపిడి బ్రష్

లోర్నా నాంకివెల్ ఏ బ్రష్ కొనాలన్నా ముందు దాన్ని చెంపకు రుద్దుకుంటుంది. తరవాత చేతిసంచిలోంచి ఒక పాత సీడీ తీసి, మెరిసే వైపు ఆ బ్రష్‌తో గట్టిగా రుద్ది, గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తుంది. గీత కనిపిస్తే బ్రష్ తిరిగి అలమరలోకి పోతుంది. కడీనా ఊళ్లో కారు సామాన్లు అమ్మే అమ్మాయికి ఇది అలవాటే.

"ఈసారి ఎవరి పాటలు, లోర్నా?"

"మా ఆడపడుచు పెళ్లిరోజుకి ఇచ్చింది. గీతలు పడ్డా లోకానికి నష్టం లేదు."

ఇదంతా నాలుగు చక్రాల కోసం. లోర్నాది డెబ్బై ఒకటో సంవత్సరం హోల్డెన్ స్టేషన్ వాగన్ కారు, ముదురాకుపచ్చ రంగు. దాని చక్రాలు పైన ఏ పూతా లేని ఒట్టి అల్యూమినియం. పాత ఇనుము కొట్టులో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికాయి. ఒక చలికాలమంతా వెనక షెడ్డులో కూర్చుని చేత్తో తోమి, వాటిలో మొహం చూసుకునేలా చేసింది. పూత లేనిదానికి అండ లేదు. బ్రేకు మసిని అలా వదిలేస్తే మచ్చ పడుతుంది. తీయబోతే, బ్రష్ పోగులు బిరుసుగా ఉన్నా, కొసన లోపలి తీగ బయటికి పొడుచుకువచ్చినా, గీత పడుతుంది. అందుకే ఆమె బ్రష్‌లో మేకవెంట్రుకలు, తీగకు కొస దాకా రబ్బరు తొడుగు.

రిటైరయ్యే దాకా లోర్నా వాలరూ రేవులో గోధుమల గిడ్డంగి దగ్గర పని చేసింది. లారీ మీదికెక్కి, లోడులోకి గొట్టం దించి, గింజలు తీసి చూడటం ఆ ఉద్యోగం. కింద నిలబడిన రైతు ప్రతివాడూ "సరుకు బంగారం" అనేవాడు. చూడకుండా ఎవరి మాటా నమ్మనందుకే ఆమెకు జీతమిచ్చేవారు.

కార్ల ప్రదర్శనలో మాత్రం ఎవరూ ఆమెను ఏమీ అడగరు. ఇంజను గురించైనా, చక్రాల గురించైనా, పక్కన మడతకుర్చీలో కూర్చున్న ఆమె భర్త కీత్‌నే అడుగుతారు. కీత్ ప్రతిసారీ అదే జవాబు చెబుతాడు.

"నాకేం తెలుసు? నేను పీతలు పట్టుకునేవాణ్ణి. కారు ఆవిడది."

వాళ్లు నవ్వి, మళ్లీ అతన్నే అడుగుతారు.

ఆ ప్రదర్శనలు జరిపే పాతకార్ల క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ప్రదర్శన రోజు పొద్దున ఎవరి చక్రాలు వాళ్లు తోముకోకూడదు. వరసలో ఎడమ పక్కనున్న కారు చక్రాలు తోమాలి. ఎప్పుడో ఇద్దరు పెద్దమనుషులు ఎవరి కారు ఎక్కువ మెరుస్తోందని తడిగుడ్డలతో కొట్టుకున్నాక పెట్టిన కట్టుబాటు అది. పక్కవాడి చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నవాడికి పొగరు దిగుతుందని అప్పట్లో లోర్నా కూడా చెయ్యెత్తింది. అయితే ఆ ఆచారానికి ఒక ప్రాణం ఉంది. కారు ఎవరిదో బ్రష్ కూడా వారిదే. యజమాని తన బ్రష్‌ను పక్కవాడి చేతికిస్తాడు, పక్కవాడు దాంతోనే తోముతాడు.

ఆ ప్రాణం తీయాలని క్లబ్బు అధ్యక్షుడు క్లైవ్ పెంగిలీకి తోచింది. ప్రదర్శనకు ముందు జరిగిన మీటింగులో ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. నిండా ఎర్రపిడి బ్రష్‌లు. పిడి మీద క్లబ్బు పేరు.

"ఇకమీదట అందరివీ ఇవే. వరసంతా ఒకే రంగు బ్రష్‌లు పట్టుకుని వంగితే ఎలా ఉంటుందో ఊహించండి. పక్కూరి మూంటా క్లబ్బు వాళ్లు కుళ్లుకు చస్తారు."

జనం చప్పట్లు కొట్టారు. లోర్నా ఒక బ్రష్ తీసి చెంపకు రాసుకుంది. చీపురుతో ఊడ్చినట్టుంది. కొసన తీగ వేలికి గుచ్చుకుంది. సీడీ తీసి రుద్ది, మాంసం కూరిన కజ్జికాయల్లాంటి పాస్టీలు తింటున్నవాళ్ల మధ్య దాన్ని చేతులు మార్పించింది. సబ్బునురగ మీద ఎలుక పరుగెత్తినట్టు దాని మీద గీతలు.

"సీడీ వేరు, చక్రం వేరు, లోర్నా," అన్నాడు క్లైవ్.

"అవును. సీడీ ఇంకోటి దొరుకుతుంది."

"మరీ పట్టించుకుంటావు నువ్వు. ఏం కాదులే."

ఏం కాదులే. ఆ తీరంలో ప్రతి అనర్థానికీ ముందు నడిచే మాట అది. పడవ తాడు తెగేముందు, పొలానికి నిప్పంటుకునేముందు, ఎవడో ఒకడు ఆ మాట అనే ఉంటాడు.

"కీత్, నువ్వు చెప్పు, ఇందులో తప్పేముంది?" అని క్లైవ్ ఆమె తల మీదుగా అడిగాడు.

పాస్టీ కోసమే వచ్చిన కీత్ నోట్లోది మింగి, "నా పెళ్లాం నీ ఎదురుగానే ఉందిగా. కళ్లు కనిపించడం లేదా?" అన్నాడు.

అందరూ నవ్వారు, అది జోకనుకుని. తరవాత చేతులెత్తమన్నారు. లోర్నాది తప్ప సభ్యుల చేతులన్నీ క్లైవ్ వైపు లేచాయి. ఆమె కారుకు కుడిపక్కన తన కారు నిలిపే బ్లూయీ ట్రెజైజ్ ఎర్రజుట్టు తల వంచుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా చెయ్యెత్తాడు.

ఇంటికి వెళుతుంటే కీత్ అన్నాడు, "ఈసారికి మానేద్దామా? నాతో రేవుకి రా."

"నేనెందుకు మానాలి? తప్పు నాదా?"

ప్రదర్శన రోజు గాలి ఉత్తరం నుంచి వీచింది. మైదానం పక్క మట్టిరోడ్డు తెల్లటి దుమ్మంతా చక్రాల మీదికొచ్చింది. లోర్నా తన మేకవెంట్రుకల బ్రష్ బ్లూయీకి అందించింది. అతను తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈలోగా అట్టపెట్టె చంకన పెట్టుకుని క్లైవ్ వచ్చాడు.

"బ్లూయీ, ఏమనుకున్నాం మనం?"

"ఒక్క కారే కదా, క్లైవ్."

"ఒక్క కారుతోనే వరస చెడుతుంది."

బ్లూయీ లోర్నా బ్రష్‌ను గడ్డి మీద పెట్టి ఎర్రపిడిది తీసుకున్నాడు. అందరూ ముంచుతున్న బకెట్‌లోనే ముంచాడు. దాని అడుగున ఇసుక పేరుకుని ఉంది. ముందు చక్రం ఆకుల సందులోకి బ్రష్ దూర్చి తిప్పాడు. కిర్రుమంది. వరసలో కొందరికి ఆ చప్పుడు వినిపించలేదు. లోర్నాకు పళ్లు జివ్వుమన్నాయి.

ఆకు మొదలు నుంచి నడిమి దాకా కొడవలి వంపులో ఒక గీత. బ్లూయీ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"లోర్నా... నేను..."

"నీ చెయ్యెప్పుడు లేచిందో అప్పుడే పడిందది," అందామె.

క్లైవ్ వంగి చూశాడు. "నాలుగడుగుల దూరం నుంచి ఎవరికీ కనిపించదు."

"నేను నాలుగడుగుల దూరం నుంచి తోమలేదు, క్లైవ్."

"సరే, జరిగిందేదో జరిగింది. నీ వంతు కానియ్."

ఆమె వంతు ఎడమపక్క కారు. అది క్లైవ్‌ది. కొత్తగా నీలం రంగు వేయించాడు. బానెట్ మీద మబ్బులు కనిపిస్తున్నాయి. లోర్నా అట్టపెట్టెలోంచి ఒక ఎర్రపిడి బ్రష్ తీసి, అదే బకెట్‌లో ముంచి, చక్రాలు దాటి వెళ్లి బానెట్ ముందు నిలబడింది.

"అటెక్కడికి? అది చక్రాల బ్రష్," అన్నాడు క్లైవ్.

"ఏం కాదులే అన్నావుగా."

"చక్రాలకేం కాదన్నాను."

"నా చక్రం మీద గీత పడింది. నీ బానెట్ దానికన్నా గట్టిదేమీ కాదు." ఆమె బ్రష్ పిడిని అతని వైపు తిప్పి పట్టుకుంది. "నీ కారు నేను ముట్టుకోను. నువ్వే రుద్దు, ఒక్కసారి. రుద్దావంటే మిగతా మూడు చక్రాలూ దీంతోనే తోమించుకుంటాను, నోరెత్తను."

వరసలో వంగినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. క్లైవ్ బ్రష్ తీసుకున్నాడు. బానెట్ దాకా తీసుకెళ్లాడు. నీళ్ల చుక్క ఒకటి నీలం మీద పడి జారింది. అతని చెయ్యి మాత్రం కిందికి దిగలేదు.

"ఇలాంటి పంతాలకు ఇప్పుడు టైం లేదు," అని బ్రష్‌ను అట్టపెట్టెలో పడేశాడు.

క్షమాపణ అనే మాట అతని నోట రాలేదు, ఆ రోజూ, ఆ తరవాతా. కానీ వరసలో ఎర్రపిడులు ఒకటొకటిగా గడ్డి మీదికి చేరాయి. జనం డిక్కీలు తెరిచి తమ తమ బ్రష్‌లు తీసి పక్కవాళ్ల చేతుల్లో పెట్టారు. మీటింగులో ఎత్తిన ఆ చేతులే ఇవి. బానెట్ ముందు క్లైవ్ చెయ్యి ఆగేదాకా ఎవరికీ సందేహం రాలేదు. లోర్నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించింది అదే.

పని ఆలస్యమైంది. అన్నిటికన్నా చక్కటి వరసకిచ్చే బహుమతి మూంటా వాళ్లకు పోయింది. ఒక ఆడమనిషి మొండితనం వల్ల పోయిందని క్లైవ్ ఇప్పటికీ చెబుతాడు. మిగిలిన ఎర్రపిడి బ్రష్‌లు కీత్ అడిగి తెచ్చుకున్నాడు. పీతల బుట్టలకు పట్టిన పాచి గీకడానికి అంతకు మించినది లేదట.

పాలిష్ గుడ్డ పట్టుకుని కూర్చుంటే ఆ గీత ఒక పూట పని. బ్లూయీ రెండుసార్లు ఇంటికొచ్చి తనే తోముతానన్నాడు. లోర్నా టీ ఇచ్చి పంపేసింది. ఇప్పుడు ప్రతి ప్రదర్శనలోనూ ఆ చక్రం జనం నడిచే దారివైపు ఉండేలా కారు నిలుపుతుంది. వచ్చినవాళ్లు అలవాటు ప్రకారం కీత్ ముందుకే వెళ్లి, ఇంత మెరిసే చక్రం మీద ఆ గీతేమిటని అడుగుతారు.

"ఆవిణ్ణే అడుగు," అంటాడు కీత్, లేచి తన మడతకుర్చీ వాళ్ల ముందుకు జరిపి. "ముందు కూర్చో."