నూట ఇరవై ఏళ్ల ఏనుగు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఇంజనీరింగ్ అయిపోయి ఏడాది దాటింది, ఉద్యోగం రాలేదు, అయినా ఎవరు ఏమడిగినా "ఎరకే" అనేవాణ్ణి. ఇప్పుడు ముప్పై దాటాక కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చదివి గానీ జేబులో పెట్టుకోని మనిషినయ్యాను. (మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.) ఈ మార్పు తెచ్చింది ఏ గురువూ కాదు, జానెడు ఎత్తున్న ఒక ఇత్తడి ఏనుగు.

కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని విదేశాలకు బొమ్మలు అమ్మాలన్నది అప్పటి నా పథకం. బొమ్మలు చేసేది ఓజ కాక, తరతరాలుగా ఇత్తడి పోతపోసే ఓజల ఇంటి పెద్దాయన. ఉట్నూర్ దాటి, జీపు వెనక వేలాడుతూ గంట పోతే వాళ్ల ఊరు. మట్టి ముద్ద మీద మైనపు పోగులు చుట్టి బొమ్మ చేస్తాడు, దానిపైన మళ్లీ మట్టి పూసి కాలుస్తాడు, మైనం కరిగి పోయిన చోట కరిగించిన ఇత్తడి పోస్తాడు. చల్లారాక పైమట్టి పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఆయన చేసిన ఏనుగు ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టిన వారానికే సముద్రాల అవతలి నుంచి ఒక ఆవిడ కొంటానంది. కొంటూ కొంటూ ఒక మాట అడిగింది. ఆ ఏనుగు పాతదా అని. తమ దేశంలో ఇత్తడి సామానుకు దిగుమతి పన్ను పడుతుందట, నూరేళ్లు దాటిన వస్తువుకైతే పడదట.

ఆమె అమాయకంగానే అడిగింది. నేను మాత్రం కుర్చీలోంచి లేచి గది అంతా రెండు చుట్లు తిరిగాను. పాతదంటే ఆమెకు పన్ను తప్పుతుంది, నాకు ధర పెరుగుతుంది, స్వామికార్యమూ స్వకార్యమూ ఒకేసారి. నూరేళ్లని రాస్తే కొలిచి చెప్పిన అబద్ధంలా ఉంటుందని ఇంకో ఇరవై కలిపాను. పార్సిల్ కాగితాల్లో "నూట ఇరవై ఏళ్ల నాటి అరుదైన ఏనుగు" అని రాసి, కింద సాగదీసి సంతకం పెట్టి పంపించాను. ఆ పూట అవ్వ (మా అమ్మను అలాగే పిలుస్తాం) చేసిన సర్వపిండి నాలుగు తిన్నానంటే నా సంతోషం మీకే అర్థమవుతుంది.

పది రోజులకు హైదరాబాద్ కస్టమ్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నూరేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించడం మన చట్టం ప్రకారం నేరమట. పార్సిల్ ఆపేశాం, ఫలానా రోజున సాక్ష్యాలతో హాజరు కండి, లేకపోతే కేసు. అక్కడి పన్ను తప్పించబోయి ఇక్కడి చట్టం నోట్లో తలపెట్టానన్నమాట. నాకు అంతకు ముందు తెలియని సంగతి అదొక్కటే. (అదొక్కటే చాలింది.)

మా బాపు, అంటే నాన్న, మా మిషన్ చర్చిలో సంఘపెద్ద. అద్దాలు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివి, అద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గీ ఏనుగు ఎవరి తాతదిరా?"

"ఎవరిది కాదు బాపూ. కాక మొన్ననే చేసిండు."

"మరి గిట్లెందుకు రాసినవ్?"

"ఆడ టాక్స్ పడదని..."

"ఆజ్ఞల్ల తొమ్మిదోది ఏంది? సండే స్కూల్ల ఫస్ట్ ప్రైజ్ వచ్చింది గదా నీకు, చెప్పు."

అబద్ధ సాక్ష్యం పలకకూడదని చెప్పాను. అంత చిన్న గొంతుతో ఎన్నడూ చెప్పలేదు. వంటింట్లోంచి అవ్వ, "పోరని జైల్ల ఏస్తరా ఏంది?" అని ఏడుపు మొదలుపెట్టి, ఆ రోజు నుంచే ఉపవాస ప్రార్థనకు కూర్చుంది. బాపు మాత్రం, "చేసినాయన బతికే ఉన్నడు గదా, పోయి కాళ్లు మొక్కి తోల్కరా" అన్నాడు.

వాళ్ల ఊరికి పోతే, కాక నా కథంతా మైనం పోగు చుడుతూనే విన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన మెల్లగా అడిగాడు.

"అయితే నేను సచ్చి ఎన్నేండ్లయింది బిడ్డా?"

"అట్ల గాదు కాకా..."

"ఎట్ల గాదు? నూట ఇరవై ఏండ్ల కింద బొమ్మ చేసినోడు ఇయ్యాల ఉంటడా?"

ఆయన చేతులు కడుక్కుని, కండువా దులిపి భుజాన వేసుకుని, "నడువ్" అన్నాడు. హైదరాబాద్ దాకా బస్సులో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను రెండుసార్లు సోడా కొనిచ్చాను. రెండుసార్లూ తాగాడు, అయినా మాట్లాడలేదు.

ఆఫీసులో అధికారి ఒక మేడమ్. ఏనుగు ఆమె బల్ల మీదే, నా కంటే ధైర్యంగా నిలబడి ఉంది. ఇది కొత్తదే, చేసింది ఈయనే అని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "బాబూ, కొత్తవాటిని పాతవని అమ్మేవాళ్లు వస్తారు, దొరికిపోయినాక పాతవాటిని కొత్తవని చెప్పేవాళ్లూ వస్తారు. నోటిమాట ఎట్లా నమ్మాలి? ఈయన దీన్ని చేస్తున్న ఫోటో ఒక్కటన్నా ఉందా?" లేదు. పాత వస్తువు పక్కన బతికున్న మనిషి కనపడకూడదని, అవ్వ పాత ట్రంకుపెట్టె మీద పెట్టి మరీ పార్సిల్ కాగితాలకు ఫోటోలు తీశాను. నా తెలివి నాకే అడ్డం తిరిగింది. పేపర్లో నా పేరు, చర్చిలో బాపు తలదించుకుని కూర్చోవడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"మేడమ్, జర ఒక మేకు ఉంటే ఇయ్యుండ్రి," అన్నాడు కాక.

ప్యూను వెతికి ఒక మేకు తెచ్చాడు. కాక ఏనుగును వెల్లకిలా తిప్పి, పొట్ట కింద ఉన్న కాలిన మట్టిని గీకడం మొదలుపెట్టాడు. మేడమ్ గబగబా న్యూస్‌పేపర్ పరిచింది. మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది, ఆ తర్వాత టక్కుమని నల్లగా మాడిన రూపాయి బిళ్ల పడింది. కాక దాన్ని ధోతికి రుద్ది ఆమె చేతిలో పెట్టాడు.

"దూరం పోయే జీవాన్ని ఖాళీ కడుపుతోని తోలం మేడమ్. మా ఇంట్ల మా బాపు కాడికెల్లి గిదే రివాజు. ఏం సాలు ఉందో సూడుండ్రి. నాకు సదువు రాదు."

ఆమె కిటికీ దగ్గరికి పోయి, బిళ్లను వెలుతురుకు పెట్టి చూసింది. అది అంతకు ముందు ఏడాది ముద్రించిన నాణెం! ఆమె ముందు పెదవి బిగబట్టింది, తర్వాత పట్టలేక నవ్వేసింది. పక్క బల్లల వాళ్లు కూడా వచ్చి చూశారు. "ఏనుగు కేసు తీరింది. మరి లోపల పైసలు పంపుతున్నట్టు కాగితంలో ఎక్కడ రాసినవ్ బాబూ?" అంది. నేను రెండు చేతులూ జోడించాక, "ఊరికే అన్నాను, కూర్చో" అంది.

జరిగింది జరిగినట్టు రాసిమ్మంది, ఇంకోసారి ఇట్లా చేస్తే వదలనంది, కాగితాలు సరిచేసి పంపమంది. కొత్త కాగితంలో చేసినవారి దగ్గర కాక పేరు రాశాను, ఏనుగు వయసు దగ్గర "నెలన్నర" అని రాశాను. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అవతల అవ్వ ఏడ్చింది, ఇవతల నేను ఏడ్చాను. భయం పోయిన ఏడుపు ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చాయ్ కొట్టు దగ్గర కూర్చుని కొన్నావిడకు కూడా ఫోన్‌లోనే నిజం రాసేశాను, ఇక కొనదనే అనుకుంటూ. గంటలోపే జవాబిచ్చి, ఆమె పన్ను తనే కట్టుకుంటానంది. (ఎంతా అంటే, మా ఇద్దరి హైదరాబాద్ బస్సు చార్జీలంత కూడా కాదు.) కొత్తదైతే చేసినాయన ఉంటాడు కదా, ఆయన ఫోటో పంపమని మాత్రం అడిగింది.

ఆ మాట చెబితేనే కాక ఊరు వదిలినప్పటి నుంచి మొదటిసారి నా మొహం చూశాడు. చాయ్ కప్పు కింద పెట్టి, కండువా సర్దుకుని, "తియ్యి. కండ్లు మూసుకున్నట్టు రావద్దు, మల్ల సచ్చిండనుకుంటరు" అన్నాడు.

ఇప్పుడు అలాంటి పార్సిళ్లకు కాగితాలు నింపి పెట్టడమే నా బతుకుతెరువు. అప్పుడప్పుడు ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, జర పాతదని రాస్తే ఏమైతది?" అంటాడు. నాకు కోపం రాదు, నవ్వొస్తుంది, వెనకే సిగ్గు కూడా. నూట ఇరవై ఏళ్ల కింద లేని మనిషిని పుట్టించడానికి నాకు నిమిషం పట్టలేదు. ఎదురుగా కూర్చుని మైనం చుడుతున్న మనిషి పేరు రాయడానికి మాత్రం హైదరాబాద్ దాకా పోవాల్సి వచ్చింది.