గాలిడబ్బాకు తలుపు

మా బావ పసుపు పండిస్తాడు. ఆయనకు తెలియని సంగతి భూమ్మీద లేదు. నీళ్ల మీద కూడా లేదని, మొన్నీమధ్య ఒక పాత తెరచాప పడవ కొన్నాక మాకందరికీ తెలిసింది. దాన్ని మెండోర దగ్గర ప్రాజెక్టు జలాశయం ఒడ్డున కట్టేసి, నిమ్మకాయలు మిరపకాయలు వేలాడదీసి, నిజామాబాద్‌లో అల్మారాలు చేసుకుని బతికే నాకు ఫోన్ చేశాడు.

పడవలో గది అని పేరే గానీ అదొక గూడు. వంగి దూరితే ఇద్దరు మోకాళ్లు తగిలించుకుని కూర్చోవచ్చు. రెండు పక్కలా బల్లలు, వాటి కింద అన్ని వైపులా మూసేసిన డబ్బాలు.

"బామ్మర్దీ, గీ డబ్బాలు ఉత్తగనే ఉన్నయి. ముంగట స్పీకర్లు బిగించు. మీద తలుపు కోసి పెట్టు. మిర్చీ బజ్జీలు, మీ అక్క చీరె గీరె పెట్టుకోవచ్చు."

మూసిన డబ్బాలో స్పీకర్ పెడితే మోత అదిరిపోతుందన్నది ట్రాక్టర్ల మీద సంపాదించిన జ్ఞానం. మావైపు ట్రాక్టర్‌కు బ్రేకులు లేకపోయినా స్పీకర్లుంటాయి. బావ లెక్కలో పడవంటే చక్రాలు ఊడిన ట్రాక్టరే.

రంపం తీసేసరికి, పక్కనే వల ఆరేసుకుంటున్న ముసలి జాలరి నా దగ్గరికొచ్చాడు.

"అది ఉత్త డబ్బా గాదు బిడ్డా. పడవల నీళ్లు జొచ్చినా, దాంట్ల ఉన్న గాలే మునగనియ్యదు. కొయ్యకు."

బావ అప్పుడు దూరంగా ఫోన్‌లో ఎవరికో పడవ గొప్పలు చెప్పుకుంటున్నాడు. పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఏ పండక్కి వెళ్లినా పదిమందిలో నా పనిని 'చెక్కలు గీకుడు' అని నవ్వే మనిషి, ఒక్కసారి మునిగి తడిసి ముద్దై ఒడ్డుకొస్తే కళ్లారా చూడాలనిపించింది. ఈత వచ్చినవాడే కదా, ఏమీ కాదులే అనుకున్నాను. స్పీకర్లకు గుండ్రంగా రెండు కోతలు కోసి, పైన తలుపులు పెట్టి, అవి తెరిచి మూసేందుకు అల్మారా కబ్జాలు బిగించాను. పనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

మర్నాడు పొద్దున తెరచాప ఎత్తకముందే బావ పాటలు పెట్టాడు. ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. చూడ్డానికొచ్చిన ఊరివాళ్లు ఆహా అంటుంటే ఆయన ఉబ్బిపోతున్నాడు, నేను లోలోపల నవ్వుకుంటున్నాను. అంతలో అక్క కొంగు దోపుకుని, చెప్పులు చేతబట్టుకుని పడవెక్కింది.

అక్కకు ఈత రాదు. ఆయన ఒక్కడే పోతాడనుకున్నాను. గాలి కూడా లేచింది.

"అక్కా, దిగు! దిగే!"

ఎందుకని అందరూ అడిగారు. చెప్పక తప్పలేదు. డబ్బాలో గాలి సంగతి, జాలరి మాట, అన్నీ అందరి ముందూ కక్కాను. బావ నోరు తెరిచి నిలబడ్డాడు. స్పీకర్లు మాత్రం పాడుతూనే ఉన్నాయి. అక్క దిగి, తడికాళ్లతో నా ముందుకొచ్చింది.

"మీ బావకు ఎర్కలేదు. నీకు ఎర్కే. ఎర్కుండి కోసినవా తమ్మీ?"

బావను వెక్కిరించడానికి నాకు ఏనాడూ మాటల కరువు లేదు. అక్కతో మాత్రం 'నేనే మూసిపెడతాలే' అని ఒక్క మాటే అన్నాను. ఆ డబ్బాలను మళ్లీ మూయించడానికి ఆమె ధర్పల్లి నుంచి వేరే పనివాణ్ని పిలిపించింది.