చిన్నమ్మ గొంతు జేబులో పెట్టుకుని హోసూరు నుంచి కృష్ణగిరికి

కృష్ణగిరికి జనం కోట ఎక్కడానికి పోతారు, డ్యాము చూడటానికి పోతారు, మామిడికాయల కాలంలో బుట్టలు కొనుక్కోవడానికి పోతారు. నేను మాత్రం వేలెడంత పెన్ డ్రైవ్‌ను పట్టుకుని పోయాను. 2008లో, ఆయుధపూజ అయిన నాలుగో రోజు, ఆదివారం. ఆ పెన్ డ్రైవ్‌లో మా చిన్నమ్మ గొంతు ఉంది. అది ఇంకెక్కడా లేదు, చివరికి చిన్నమ్మ దగ్గర కూడా లేదు.

మా అమ్మ చెల్లెలు లక్ష్మమ్మ. ఊరు సూళగిరి దగ్గర ఒక చిన్న పల్లె, ఇల్లు గడిచేది గొర్రెల మీద. సాయంత్రం అయితే చిన్నమ్మ గుట్ట కింద బండ మీద నిలబడి ఒక కేక వేసేది. ఆ కేకకు ముప్పై గొర్రెలూ పరుగున దిగి వచ్చేవి. అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. బెంగళూరు డాక్టరు ఉన్న మాట చెప్పేశాడు: ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. ఆసుపత్రిలో చేర్చే ముందు రోజు నేను నా సెల్‌ఫోన్‌లో ఆమె మాటలు, తిట్లు, ఆ కేక, అన్నీ కలిపి ఇరవై రెండు నిమిషాలు రికార్డు పట్టాను. ఫోన్‌లో చోటు చాలక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోది తుడిచేశాను. నాకు అప్పుడు అది మహా తెలివైన పనిగా తోచింది.

ఆపరేషన్ అయి చిన్నమ్మ ఇల్లు చేరాక, చిన్నాయన శనివారం పక్కింటి ఫోన్ నుంచి మాట్లాడాడు. "రేయ్ రమణా, మీ చిన్నమ్మ గొంతు కాడ చెయ్యి పెడతాది, చెవి కాడ చెయ్యి పెడతాది. నువ్వు పట్టిండావు గదా, అది కావాలంట. గొర్రెలు కూడా నా మాట వినడం లేదురా, పొద్దు గూకినా గుట్ట దిగవు. రేపు ఎత్తుకొని రా. మా ఇంట్లో టేపురికార్డే ఉండాది, క్యాసెట్టులో వేయించుకొని రా." కంప్యూటర్‌లో ఉన్నదాన్ని క్యాసెట్టులోకి పట్టి ఇచ్చే మనిషి కృష్ణగిరిలో ఒకడున్నాడని మా ఫ్యాక్టరీలో చెప్పారు. అదీ ఈ ప్రయాణం మొదలైన సంగతి.

మేముండే మత్తిగిరిలో ఎనిమిదింటికి టౌన్ బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా హోసూరు బస్టాండు. కృష్ణగిరి బస్సుకు ఇంకా సమయం ఉంది. అంత దూరం పోయే ముందు ఒకసారి విని చూద్దామని ఎదురుగా ఉన్న బ్రౌజింగ్ సెంటర్‌లోకి పోయాను. పెన్ డ్రైవ్ పెట్టగానే తెర మీద ఒక డబ్బా లేచింది. డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని ఇంగ్లీషులో అడుగుతోంది. పీకి మళ్ళీ పెట్టాను, అదే. పక్క కంప్యూటర్‌లో పెట్టాను, అదే. కౌంటర్‌లో ఉన్నతను లేచి వచ్చి మౌస్ అందుకున్నాడు.

"ఏం లేదు సార్, ఎస్ కొట్టేస్తాం. కొత్తదాని మాదిరి అయిపోతాది."

"లోపల ఉండేది?"

"అదంతా పోతాది సార్. క్లీన్!"

బాణం గుర్తు అప్పటికే ఎస్ మీదికి చేరింది. నేను అతని చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజాను, కుర్చీ పక్కకు ఒరిగింది, కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే చిన్నమ్మ గొంతును రెండోసారి కోయించినవాణ్ణయ్యేవాణ్ణి.

బయటికి వచ్చి, నా అలవాటు ప్రకారం, కోపం ఎవరి మీద చూపాలా అని వెతికాను. ఇంట్లో నా భార్య సరళ ఉంది కదా. ఫోన్ చేసి ఆమె మీద అరిచాను. "పెన్ డ్రైవ్‌ని ఏం చేసినావు? గుడ్డలతో నానేసినావా? మిక్సీ పక్కన పెట్టినావా?"

"నేను ముట్టనే లేదు. ఆ బీరువా తాళం కూడా నీ దగ్గరే ఉండాది గదప్పా."

"ముట్టకుండా దానికదే చెడిపోతాదా?" అని పెట్టేశాను. చిన్నాయనకు ఏం చెప్పాలో తోచలేదు. టేపురికార్డు తుడిచి, బ్యాటరీలు మార్చి పెట్టుకుని కూర్చుని ఉంటారు ఇద్దరూ.

తొమ్మిదిన్నరకు కృష్ణగిరి బస్సు దొరికింది. టికెట్టు ఇరవై రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే ఊరు దాటాక గులాబీ తోటల ప్లాస్టిక్ కప్పులు, తర్వాత రాళ్ళ గుట్టలు కనిపిస్తాయని రాయాలి గానీ, నిజం చెప్పాలంటే ఆ పొద్దు నేనేమీ చూడలేదు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు టికెట్టు చింపుతూ నా ముఖం చూశాడు.

"ఏమప్పా, అట్ల ఉండావు? ఎవరన్నా ఆస్పత్రిలో ఉండారా?"

"లేదప్పా, జేబులో ఉండారు" అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా ముందు సీటుకు పోయాడు. సూళగిరి వచ్చినప్పుడు దిగిపోదామా అనిపించింది. ఏ ముఖం పెట్టుకుని దిగాలి? తల దించుకుని కూర్చున్నాను, ఊరు దాటిపోయింది.

పదకొండు కావస్తుండగా కృష్ణగిరిలో దిగాను. రౌండానా కూడలి దగ్గర ఎవరిని అడిగినా టేపురికార్డు గోవిందప్ప అంగడి చూపిస్తారు. సందులో మూడు మెట్లెక్కాలి. అరవై దాటిన మనిషి, నుదుటి మీదికి నెట్టిన భూతద్దం, చుట్టూ పొట్టలు విప్పిన రేడియోలు, వాటి మధ్య ఒక కంప్యూటర్. నేను ఒగరుస్తూ జరిగిందంతా చెప్పాను. వైరస్సా, లోపల చిప్పు కాలిపోయిందా, బెంగళూరుకు తీసుకుపోవాలా అని నేనే పది జబ్బుల పేర్లు చెప్పాను.

గోవిందప్ప నా చేతిలోంచి దాన్ని అందుకున్నాడు. పెన్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లో పెట్టనైనా లేదు. మూత తీసి, భూతద్దం కళ్ళ మీదికి దించుకుని, దాని ఇనప మూతిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను అడిగాడు.

"దీనికి బొట్టు పెట్టింది ఎవరప్పా?"



ఆయుధపూజ నాటి పొద్దు మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. ఫ్యాక్టరీలో నా లేత్ మిషన్‌కు గంధం, కుంకుమ పెట్టి ఇంటికి వచ్చాను. స్కూటర్‌కు పెట్టాను. కుట్టుమిషన్‌కు, ఇస్త్రీపెట్టెకు, మిక్సీకి పెట్టాను. బీరువా తెరిచి పెన్ డ్రైవ్ తీశాను. చిన్నమ్మ గొంతు ఉన్నది, దానికి పెట్టకపోతే ఎట్లా? మూత మీద పెట్టబోయి ఆగాను. మూత అంటే టోపీ మాదిరి కదా, బొట్టు పెట్టాల్సింది ముఖానికి. అందుకని మూత తీసి, ఆ మెరిసే మూతికి నీళ్ళగంధం నిండుగా పూసి, మధ్యలో కుంకుమ అద్ది, కళ్ళకు అద్దుకుని, మూత బిగించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. నేనే! నా ఈ చేత్తోనే!

"నేనే పెట్టినానప్పా" అన్నాను. ఆ రెండు మాటలు పలకడానికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన విరగబడి నవ్వాడు. "ఆయుధపూజ అయిన వారమంతా నాకు ఇదే యాపారం. నిన్న ఒకాయన టీవీ ఎత్తుకొచ్చినాడు, ముందర టెంకాయ కొట్టినారంట, నీళ్ళు లోపలికి పోయినాయి. గంధం ఎండి, ఈడ ఈ నాలుగు గీతల మీద పెచ్చు కట్టిండాది. కంప్యూటర్‌కు లోపలుండేది సరిగా కనబడక, ఖాళీ అనుకొని ఫార్మాట్ అడుగుతాది. నువ్వు ఎస్ కొట్టినావా?"

"లేదప్పా, కొట్టనీలేదు."

"బతికినావు పో."

పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, లోపల రాచాడు. దూది ఎర్రగా వచ్చింది. మార్చి రాచాడు, పసుపుపచ్చగా వచ్చింది. మూడోసారి రాచి, పెన్సిల్ రబ్బరును సన్నగా కోసి గీతల మీద రుద్ది, ఊది, పది నిమిషాలు ఆరనిచ్చాడు. ఆ పది నిమిషాలూ నేను కూర్చోలేదు. కంప్యూటర్‌లో పెట్టాడు. మళ్ళీ అదే డబ్బా లేచింది! "తడి ఉండాదేమో, ఉండు" అని పీకి, ఇంకోసారి ఊది, పెట్టాడు. ఈసారి డబ్బా లేదు. ఒకే ఒక్క ఫైలు కనిపించింది. ఆయన ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని తర్వాతే నొక్కాడు.

"యోవ్, ఆ బీడీ పారేసి ఆ పక్కకు పో. నాకు కోసేదానికి ముందు డాక్టరు నిన్ను కోస్తాడు చూడు!"

అది చిన్నమ్మ చిన్నాయనను తిట్టే తిట్టు. అంగడిలో రేడియో కోసం వచ్చిన ముసలామె కిసుక్కున నవ్వింది. నాకు మాత్రం కళ్ళ నీళ్ళు ఆగలేదు. క్యాసెట్టు పట్టాలంటే పాట ఎంతసేపుంటే అంతసేపు ఆగాలి కాబట్టి ఇరవై రెండు నిమిషాలూ అక్కడే నిలబడి విన్నాను. క్యాసెట్టుతోపాటు ఒక సీడీ కూడా వేసి, రెండింటికీ కలిపి ఎనభై రూపాయలు తీసుకున్నాడు. బస్టాండు పక్క మెస్సులో రాగి ముద్ద, పప్పుచారు తిన్నాను. వడ్డించే ఆమె "ఇంకో ముద్ద పెట్టుకోప్పా, రెండు దినాలు తినని మాదిరి ఉండావు" అని అడగకుండానే వేసింది.

సరళకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పొద్దున్నే నాకు కూడా బాగానే పూజ చేసినావు" అంది. తప్పయిపోయిందని చెప్పాను. "ముందు పోయి చిన్నమ్మకు వినిపించు" అని పెట్టేసింది.

రెండున్నర బస్సుకు సూళగిరి, అక్కడ నుంచి షేర్ ఆటోలో పల్లె చేరేసరికి నాలుగు దాటింది. చిన్నమ్మ మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను ఇంట్లోకి రానీలేదు. టేపురికార్డు చిన్నాయన చేతికిచ్చి, గుట్ట వైపు చూపించింది. ముగ్గురం బండ దగ్గరికి నడిచాం. గొర్రెలు పైన పొదల్లో ఉన్నాయి. చిన్నాయన టేపురికార్డును బండ మీద పెట్టి బటన్ నొక్కాడు.

బీడీ తిట్టు రాగానే చిన్నమ్మ భుజాలు కదిలేలా నవ్వింది, చప్పుడు లేకుండా. చిన్నాయన తల తిప్పుకున్నాడు. తర్వాత కేక వచ్చింది. "హోఓఓయ్… రామ్మా బొల్లీ… రారా రారా రా…"

పైన ఒక తల లేచింది. తర్వాత పది తలలు. దుమ్ము లేపుకుంటూ ముప్పై గొర్రెలూ దిగి వచ్చి, చిన్నమ్మ పక్క నుంచే ఆమెను దాటుకుని పోయి, టేపురికార్డు చుట్టూ మూగాయి. బొల్లి గొర్రె దాని జాలీకి మూతి ఆనించి అరిచింది. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి వైపు ఒక్కటి కూడా చూడలేదు. ఇంత కష్టపడి తెచ్చింది ఇందుకా అనిపించి, ఆపేద్దామని ముందుకు పోయాను. చిన్నమ్మ నా రెక్క పట్టి ఆపింది. తనే గొర్రెల్ని తోసుకుంటూ పోయి, మోగుతున్న టేపురికార్డును ఎత్తి, బిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని, ఇంటి వైపు నడక మొదలుపెట్టింది. మంద మొత్తం ఆమె వెనక నడిచింది.

చాలా ఊర్లు తిరిగాను గానీ ఒక్క రోజులో ఇన్నిసార్లు గుండె ఆగిన ప్రయాణం ఇంకొకటి లేదు. భక్తితో చేసిన పనే కొంప ముంచబోయింది, తప్పు నాదైతే తిట్లు సరళ తిన్నది, ఇప్పటికీ తలుచుకుంటే ముఖం కాలుతుంది. మరుసటి ఏడాది ఆయుధపూజకు చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. పెన్ డ్రైవ్ తీసి పళ్ళెంలో పెట్టగానే గంధం గిన్నెను నా చేతికి అందకుండా లాక్కుని, తనే ఇంత గంధం, కుంకుమ తీసుకుని నా నుదుటి మీద పెట్టింది.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక్క మాట: పెన్ డ్రైవ్ ఫార్మాట్ అడిగితే ఎస్ కొట్టకండి, ముందు మూత తీసి దాని మూతి చూడండి. బొట్టు పెట్టాలనిపిస్తే మూతకు పెట్టండి.