మలుపులో మొక్కజొన్న

పల్లెదారులు పెద్దరోడ్డును కలిసేచోట ప్రమాదాలెందుకు ఎక్కువో దగ్గరగా చూసి పత్రికకు రాయాలని బయలుదేరాను. మధ్యాహ్నం రెండింటికి తమిళనాడులోని విరుదునగర్‌లో, పల్లెల మీదుగా కోవిల్‌పట్టి వెళ్లే బస్సెక్కాను. సాత్తూరు దాటాక ఇరువైపులా నల్లరేగడి, మనిషెత్తు మొక్కజొన్న.

ఫోన్లో నేను ఇంటివాళ్లతో మాట్లాడడం విని పక్కసీటావిడ నవ్వింది. "ఆంద్రానా అన్నా? మీ తెలుగు సినిమా మాదిరి ఉండాదే!"

పేరు సీతమ్మ. తరాల కిందట ఇటొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఒళ్లో కూతురు సెల్వి ఎక్స్‌రే. నెలన్నర కిందట ఊరి మలుపులో మోపెడ్ మీద మెయిన్‌రోడ్డెక్కుతూ, వ్యాను తగిలి సెల్వి చెయ్యి విరిగింది. ఎముక అతికింది. సోమవారం నుంచి మళ్లీ మిల్లు పనికి, ఆ దారినే.

"మూలలో మా మామ చేను. రోడ్డు కనబడదు. కొయ్యి మామా అంటే పండినాక అంటాడు. సోమవారానికి పండుతాదా?"

మూడుంపావుకు ఆ మలుపు దగ్గర ఆమెతోపాటు నేనూ దిగాను. ఆమె మేనమామ రంగసామి గట్టుమీదే ఉన్నాడు. సోమవారంలోపు మూల కొయ్యమని సీతమ్మ మళ్లీ అడిగింది.

"కంకి పాలుబట్టుండాది. ఇప్పుడు కోసేదా? బోర్డు పెట్టమని గవర్మెంటుని అడుగు పో."

"బోర్డు పెట్టినా నీ చేను ఎనకాలే కదా నిలబడేది!"

"నేను దినమూ ఈ దోవనే వచ్చేది. నాకు బాగా కనబడతాది."

నిజమే. ఆయన వచ్చేది ట్రాక్టరు మీద. ఆ సీటు మీంచి కంకులపైన రోడ్డంతా కనిపిస్తుంది. సీతమ్మకు అది అప్పుడే తట్టినట్టుంది. పొద్దున టీకొట్టు దగ్గర నిలిపిపోయిన తన మోపెడ్ తెచ్చి, "ఎక్కు మామా" అంది.

"ఆడదాని ఎనకాలనా?"

"సిగ్గయితే కండ్లు మూసుకో. ఆ మలుపులో మూసినా తెరిచినా ఒకటే!"

ఊరిదారిలో కొంతదూరం వెనక్కి తీసుకెళ్లి, మెల్లగా నడుపుకుంటూ వచ్చింది. మెయిన్‌రోడ్డు అంచున ఆగిందో లేదో, ఆకుల చాటునుంచి లారీ ఒకటి ముఖానికి గాలికొడుతూ పోయింది. రంగసామి తువ్వాలు కిందపడింది. తీసుకోలేదు. దిగి, చేనుకేసి చాలాసేపు చూశాడు.

"సెల్వి ఈ ఎత్తునే వస్తాదా?" అని అడిగి, కొడవలి తేవడానికి వెళ్లాడు.

పొద్దుగుంకేలోపు ఆ మూల ఖాళీ అయింది. పచ్చిచొప్ప ఎడ్లకు వేశారు. దారికి అవతలి మూల ఆయన తమ్ముడిది. "వాడు నా మాట వినడు" అన్నాడు రంగసామి.

"వాడినీ బండెక్కిస్తా" అంది సీతమ్మ.

రాత్రి కోవిల్‌పట్టి స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకుని, పొద్దున ఏడింటి బస్సులో తిరుగుముఖం పట్టాను. ఇన్నేళ్లూ ఇలాంటి మలుపుల గురించి బోర్డులు, స్పీడ్ బ్రేకర్లు అంటూ వార్తలు రాశాను. నడిపేవాళ్ల కళ్లు ఏ ఎత్తున ఉంటాయో ఒక్కసారీ అడగలేదు.

ఆ మలుపు వస్తుండగా, కోసిన మొదళ్లపైనుంచి ఊరిదారిలో సైకిల్ మీద వస్తున్న ఒక బడిపిల్ల దూరంనుంచే కనిపించింది. మా డ్రైవర్ హారన్ కొట్టకుండానే వేగం తగ్గించాడు. ఆ పిల్ల మమ్మల్ని చూసి, కాలు నేలకానించి, బస్సు పోయేదాకా తీరిగ్గా జడ సర్దుకుంది.