బోరుబండి వాయించిన పాట

క్యాసెట్ల కాలం ముగియక, సీడీలు ఇంకా మా ఊరి బస్సెక్కని ఆ రోజుల్లో, అనంతపురంలో భుజాల దాకా జుట్టు పెంచిన మగవాడు కనిపిస్తే "ఏ దేవునికి మొక్కుకున్యావప్పా?" అని అడిగేవారే తప్ప, హెవీ మెటల్ పాడతావా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. మా పాటగాడు సింహం (గర్జిస్తాడని మేం పెట్టిన పేరు, వాళ్ళమ్మ పెట్టిన పేరు పరమ సాధువైనది) ఈ అమాయకత్వాన్ని బాగా వాడుకున్నాడు. ఇంట్లో మొక్కు అని చెప్పి రెండేళ్ళు జుట్టు పెంచాడు. వాళ్ళమ్మ నమ్మింది. నమ్మిన మనిషి ఊరుకుంటుందా? మా మొట్టమొదటి పాట రికార్డింగు దగ్గరపడుతుండగా అతన్ని కదిరికి తీసుకుపోయి, నున్నగా గుండు కొట్టించి, గంధం పూసి మరీ పంపింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అబద్ధమాడితే ఆ దేవుడే వసూలు చేసుకుంటాడని మాకు అప్పుడే తెలిసింది.

బెంగళూరు నుంచి మా హాస్టలుకు వచ్చిన ఒక సీనియరు తన వెంట తెచ్చుకున్న క్యాసెట్లే మాకు గురువులు. నేను గిటారు, సింహం గొంతు, రంగు డబ్బాల మీద వాయించడం నేర్చుకున్నందువల్ల డబ్బా అని పేరు పడ్డవాడు డ్రమ్ములు. నా గిటారును పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మైకుసెట్టుకు తగిలించేవాళ్ళం. పెద్ద ఊళ్ళవాళ్ళు ఏవేవో పరికరాలు కొని తెప్పించుకునే ఆ గరగర, మా మైకుసెట్టు దానంతట అదే ఇచ్చేది. మా బృందానికి 'కరువు' అని పేరు పెట్టుకున్నాం. ఆ మాట ఇంట్లో చెబితే మా నాయన, "ఉన్నింది చాలదని పేరు గూడా అదే పెట్టుకున్యారా?" అన్నాడు.

మాది శింగనమల పక్కన ఒక పల్లె. మాకున్నదల్లా ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట. నాయన మమ్మల్ని ఒక్కమాటైనా అనకుండా పెంచాడు గాని, ఆ చెట్లను మాత్రం పేరుపేరునా తిట్టి, పొగిడి, బతిమాలి పెంచాడు. ఆ ఏడు పాత బోరు ఎండిపోయింది. ఆకులు ముడుచుకుంటున్నాయి. కడసారిగా ఇంకొక బోరు వేయించాలని, నీళ్ళు పడకపోతే చెట్లు కొట్టించాలని నాయన తేల్చుకున్నాడు. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకునే రోజులవి. సరిగ్గా అప్పుడే సింహానికి బుద్ధి పుట్టింది. మన బృందం పేరు కరువు, మన బతుకు కరువు, అలాంటప్పుడు పాట మొదట్లోనూ చివర్లోనూ బోరుబండి మోత ఉంటే ప్రపంచంలో ఇంకెవడికీ లేని పాట అవుతుందన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. భయపడుతూనే నాయన్ను అడిగాను. "రాండి. నలుగురుంటే మంచిదే. నోర్లు మాత్రం మూసుకోండి, ఆడ చెడ్డమాట పలకగూడదు" అన్నాడు.

ఆ పొద్దున బండి ముందు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించేసరికి, సింహం గుండూ గంధమూ చూసి మా అమ్మ ముచ్చటపడిపోయింది. "మొక్కు తీర్చుకోని వచ్చిన బిడ్డ, ఈ పిల్లోనితోనే కొట్టిస్తాం" అని టెంకాయ అతని చేతిలో పెట్టింది. చావుపాటలు రాసుకునే మా సింహం కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, బుద్ధిగా టెంకాయ కొట్టాడు. (ఏం కదిపావురా అని తర్వాత అడిగితే, 'పాట రెండో చరణం' అన్నాడు.) దుమ్ము పడకుండా టేపురికార్డరును తువ్వాలలో చుట్టి, నేను చెట్టు కింద కూర్చున్నాను.

మొదట మన్ను, తర్వాత సుద్ద, ఆ తర్వాత బండ. బండ తగలగానే ఆ మోత మారిపోయింది. నేల అదిరింది, నా పళ్ళు అదిరాయి, చెట్టు మీది కాకులు లేచిపోయాయి. మేం నెలల తరబడి మైకుసెట్టులో వెతుకుతున్న మోత అదే. సింహం నా చెవి దగ్గర "అబ్బా, ఏం కొడతాందిరా! ఇంకొంచేపు ఇట్లే తగలల్ల" అన్నాడు. వాడి తొడ మీద గట్టిగా గిల్లాను. ఎందుకంటే నాకు ఎదురుగా నాయన మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టంలోంచి వచ్చే పొడిని దోసిట పట్టి, తడి ఏమైనా ఉందేమోనని వేళ్ళతో నలిపి చూస్తున్నాడు. తెల్లని పొడి ఆయన మీసం మీద, రెప్పల మీద పడుతోంది. బండివాళ్ళ మేస్త్రీ అరవం కలిసిన తెలుగులో "తడి లేదన్నా, అంతా పొడి" అన్నాడు. నాయన "ఇంకొంచెం పోనీ అన్నా" అన్నాడు. మళ్ళీ మోత. మళ్ళీ పొడి. మళ్ళీ "ఇంకొంచెం పోనీ." చివరికి మేస్త్రీయే జాలిపడి బండి ఆపించాడు. అంత మోత తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నా ఒళ్ళో టేపు మాత్రం తిరుగుతూనే ఉంది.

అనంతపురంలో మాకు దొరికిన స్టూడియో భజన పాటలది. దాని యజమానిని అన్నా అనే పిలిచేవాళ్ళం. మా టేపు పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాడో లేదో, చెవులకున్నవి తీసేసి "ఎవురిదప్పా ఈ బోరు? నీళ్ళు పడినాయా?" అన్నాడు. లేదంటే నాలుక చప్పరించి, మాకు టీ తెప్పించాడు. సింహం గర్జన మొదలయ్యాక మాత్రం టేపు ఆపేసి, "గొంతు పట్టుకున్యట్లుండాది, మిర్యాల కషాయం తాగి రేపు రాప్పా" అన్నాడు. ఆ పాడే తీరే అంతని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. మొత్తానికి పాట పూర్తయింది. చివర్లో గిటారు ఆగిపోయి, బోరుబండి మోత వచ్చి, అదీ ఆగి, ఉత్త నిశ్శబ్దంతో ముగుస్తుంది. ఇంతటి విషాదం ఎవరూ చేసి ఉండరని మేం ముగ్గురం ఒకరి భుజాలు ఒకరం తట్టుకున్నాం.

కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాట వినిపించారు. జనం తలలు విదిలిస్తూ ఊగిపోతారని కలగన్నాం. బండి మోత మొదలవగానే హాలంతా చప్పబడిపోయింది. పాట ముగిసినా చప్పట్లు లేవు. నా గిటారు గురించి అడిగినవాడు ఒక్కడు లేడు. బయటికొస్తుంటే ప్రతివాడూ చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు, నీళ్ళు పడ్డాయా లేదా అని. గేటు దగ్గర వాచ్‌మన్ అయితే వెంటబడి, "అంతసేపు ఇనిపించి చెప్పకుండా పోతాండారే?" అని కోప్పడ్డాడు.

క్యాసెట్టు ఇంటికి తీసుకుపోయాను. నాయన మంచం మీద కూర్చుని విన్నాడు. సింహం గర్జనకు చలించలేదు. చివర్లో బండి మోత రాగానే ముందుకు వంగాడు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే నలుపుకుంటున్నాయి. ఏం జరిగిందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అయినా వంగే ఉన్నాడు. మోత ఆగింది. నిశ్శబ్దం.

"అయిపాయనా?"

"అయిపాయ నాయనా."

"ఈ పాట చేసినోళ్ళు మీరే గదా?"

"మేమే."

"బోరంటే మన చేతిలో ల్యాకపాయ. పాట మీ చేతిలోదే గదరా. దాంట్లోనన్నా నీళ్ళు పడేటట్ల చేసిండొచ్చు గదా!"

కళ అంటే నిజం చెప్పాలని, మెటల్ అంటే నిరాశ అని నేను చాలా చెప్పాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని ఎనుములను విప్పడానికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది.

మావాళ్ళతో చెప్పి, పాట చివర మారుద్దామంటే సింహం మండిపడ్డాడు. "నీళ్ళు పడితే మెటల్ కాదురా అది, రేడియోలో రైతుల కార్యక్రమం!" అన్నాడు. కానీ మర్నాడు స్టూడియోకు అందరికంటే ముందొచ్చింది వాడే. ఆ వారం పట్నంలో కొళాయి నీళ్ళు సరిగ్గా రావడం లేదు. అన్న తన ఇంట్లో పట్టుకున్న రెండు బిందెలు తెచ్చాడు. రేకు తొట్టిలోకి ఎత్తునుంచి పోయడం, చుక్క పోకుండా మళ్ళీ బిందెల్లోకి నింపడం, మళ్ళీ పోయడం. టేపులో దూకే నీటి చప్పుడు వచ్చేదాకా మా డ్రమ్ముల డబ్బాగాడు పోస్తూనే ఉన్నాడు. పని అయ్యాక అన్న ఆ బిందెలు తిరిగి ఇంటికి తీసుకుపోయాడు.

బెంగళూరులో ఆ పాట విన్న మెటల్ మేధావి ఒకడు, అంతా బాగుందిగాని చివర్లో మెత్తబడి పాడుచేశారన్నాడు. నిజమే కావచ్చు. కరువు బృందం అటుతర్వాత ఇంకో పాట చేయలేదు. సింహం ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతాడు, అదీ మెల్లగా. నాకు నెత్తిన విదిలించడానికి వెంట్రుకలే లేవు. వేల తలలు ఊగుతాయని కలలుగన్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ఆ రోజుల్లో, నీళ్ళు పడిన ఆ రెండో క్యాసెట్టు నేను ఇంటికి తెచ్చేసరికి తోటలో చెట్లు కొట్టేశారు. మొద్దులు ఇంటి ముందే పడి ఉన్నాయి. నాయన వద్దంటాడేమోననుకున్నాను, "పెట్టు" అన్నాడు. బండి మోత వచ్చింది, బండ పగిలింది, ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత భళ్ళున నీళ్ళు దూకాయి. నాయన గబుక్కున పంచె అంచు పైకి లాక్కుని, కాళ్ళు రెండూ మంచం మీదికి ముడుచుకున్నాడు.