రఫీలా గేదెకు చెప్పే కబుర్లు

ఇరిమియె నోట నాలుగు మాటలు వరసగా రావాలంటే మందలోకి తోడేలు రావాలని మా ఊళ్ళో వేళాకోళం. మనిషికి అరవై మూడేళ్ళు. అందులో ముప్ఫై ఆరేళ్ళు ఊరి మంద కాయడంతోనే గడిచాయి. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి కొమ్ము ఊదుతాడు. ఒక్కొక్క గేటూ తెరుచుకుంటుంది, ఆవులూ గేదెలూ వాటంతట అవే వచ్చి ఆయన వెనక నడుస్తాయి. సాయంత్రం తిరిగొచ్చి ఎవరి గేటు ముందు వాళ్ళ పశువు ఆగుతుంది. ఈ పనికి నోటితో అవసరం పెద్దగా ఉండదు. అందుకే ఆయన మాటలకు తుప్పు పట్టిందని భార్య రఫీలా అంటూ ఉండేది.

మా కొర్నుత్స అంటే ఒకే వాగు పొడవునా విసిరేసినట్టున్న ఐదు పల్లెలు. పై రెండు పల్లెలు ఓక్ అడవిని ఆనుకుని ఉంటాయి. ప్లమ్ పళ్ళు పండితే అక్కడివాళ్ళకూ ఎలుగుబంట్లకూ ఏటా తగువే. మధ్య రెండు పల్లెలకు కొండవాలు గడ్డి దక్కింది. మాది అట్టడుగు పల్లె. పైనుంచి గలగలమంటూ దిగిన వాగు మా దగ్గరికి వచ్చేసరికి నీరసించి, ఉప్పు ఊటతో కలిసి, ఒట్టి బురదై కూర్చుంటుంది. ఆ బురద గేదెలకు తప్ప ఎవరికీ అక్కరలేదు. ఒకప్పుడు అందులో రెండు వందల గేదెలు పొర్లేవట. ఇప్పుడున్నవి పదమూడు.

ఆ పదమూడిటికీ పెద్ద దిక్కు ఇరిమియె వాళ్ళ జోయానా. గురువారం పుట్టింది కాబట్టి మా భాషలో జోయానా అయింది. మా దగ్గర సగం పశువులకు పుట్టిన వారమే పేరు. రెల్లు అడ్డం పడ్డ చోట దారి తీసేది అదే. అది బురదలోకి దిగితే మిగతావి దిగుతాయి, అది గట్టున ఆగితే పన్నెండూ ఆగుతాయి. అంత పెద్దమనిషి తరహా గేదెకు పాల దగ్గర మాత్రం మహా గీర. ఏప్రిల్‌లో దాని దూడ పుట్టిన మూడో నాడే పోయింది. దూడ లేని గేదెను చేపించడం, అంటే పాలు వదిలేలా చేయడం, ఎంత కష్టమో పశువున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అయినా రఫీలాకు చేపేది. ఆమె బకెట్ పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది, అరగంటకు నురగలు కక్కే బకెట్‌తో బయటికి వచ్చేది. లోపల ఏం మంత్రం వేస్తుందో ఇరిమియె ఏనాడూ అడగలేదు. పాలు పిండడం ఆమె పని, మంద కాయడం తన పని.

జూలైలో ఒక ఉదయం రఫీలా కడుపు పట్టుకుని వంటింట్లో కూలబడింది. పిత్తాశయంలో రాళ్ళట, చీము కూడా పట్టిందట. అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆమె బెంగ కొట్టం మీదే ఉంది.

"మేకుకి నా లంగా, తలగుడ్డ ఉన్నాయి. కట్టుకుని పిండు. నవ్వేవాళ్ళని నవ్వుకోనీ," అంది.

ఇది మా ఊరి పద్ధతే. గేదె తనను పిండే మనిషిని తప్ప ఇంకొకరిని దగ్గరికి రానివ్వదు. ఇంటావిడ మంచం పడితే ఇంటాయన ఆమె బట్టలు కట్టుకుని కూర్చుంటాడు. మా తాతల కాలంలో మీసాలు మెలితిప్పిన మొనగాళ్ళు కూడా ఈ వేషం వేసినవాళ్ళే.

అంబులెన్సు వెళ్ళిపోయింది. ఆ రోజుకు మందను పొరుగింటి తొదోసియా కొడుకు తోలుకెళ్ళాడు. ఖాళీ ఇంట్లో ఇరిమియెకు కాలూ చేయీ ఆడలేదు. రఫీలా తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలనుకున్నాడు. దుప్పట్లు, దిండు గలీబులు, ఆమె లంగాలు, కొట్టంలో మేకుకున్న తలగుడ్డ, అన్నీ మూటగట్టి వాగుకు తీసుకెళ్ళాడు. ఇంట్లో కాచిన సబ్బుతో ఒకసారి ఉతికాడు. తృప్తి కలగక రెండోసారీ ఉతికాడు. పెళ్ళయ్యాక ఆమె బట్టలు ఉతకడం అదే మొదలు.

సాయంత్రం ఆ బట్టలు కట్టుకుని, తలగుడ్డ గడ్డం కింద ముడివేసి, జోయానా పక్కన కూర్చున్నాడు. జోయానా మెడ తిప్పి వాసన చూసింది. బుస్సుమంది. బకెట్ వెళ్ళి గోడకు కొట్టుకుంది.

ఆ చప్పుడుకు తొదోసియా కంచె మీద నుంచి తొంగిచూసింది. డెబ్భై దాటినా ఆమె నోటికి పదును తగ్గలేదు.

"ఎవరమ్మా ఈ కొత్తకోడలు? మీసాలున్న కోడలు మన వీధికి వచ్చి చాలా కాలమైంది."

"చేపట్లేదక్కా."

తొదోసియా వచ్చి లంగా అంచు పట్టుకుని వాసన చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఉతికావా?"

"మురికిగా ఉన్నాయని..."

"అది మురికి కాదయ్యా మహానుభావా, రఫీలా. ఆమెని తీసుకెళ్ళి వాగులో కలిపేశావు."

ఇంట్లో రఫీలా వాసన ఉన్న గుడ్డముక్క కోసం ఇద్దరూ వెతికారు. ఒక్కటీ మిగల్లేదు. అంత శుభ్రంగా ఉతికాడు. తొదోసియా తనే కూర్చుని చూసింది, మోకాలికి ఒక తన్ను తిని లేచింది. మర్నాటికి జోయానా పొదుగు రాయిలా బిగిసింది. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి పాలు దించాడు.

"సూదితో రెండు మూడు రోజులు లాగొచ్చు, అంతకంటే వద్దు. ఒక చన్ను ఇప్పటికే వాచింది. ఇది దానంతట అది చేపకపోతే పొదుగు పాడై ఒట్టిపోతుంది ఇరిమియె. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు," అన్నాడు.

పొదుగు పాడైన గేదె కసాయి బండి ఎక్కుతుంది. రఫీలా ఆ గేదెకు బాలింత రోజుల్లో వెచ్చటి నీళ్ళు పట్టింది, దూడ పోయినప్పుడు దానితో పాటు ఏడ్చింది. తిరిగొచ్చిన ఆమెకు ఖాళీ కొట్టం చూపించడమన్న ఊహకే ఇరిమియె ప్రాణం ఉసూరుమంది.

మూడో రోజు బస్సెక్కి పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. రఫీలా పాలిపోయి ఉంది, పక్కటెముకల కింద నుంచి గొట్టం వేలాడుతోంది. బతికి ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ అటుగా వస్తే ఇరిమియె ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కృతజ్ఞత గొంతుదాకా వచ్చింది, మాటగా మాత్రం రాలేదు.

"జోయానా చేపుతోందా?" రఫీలా మొదటి ప్రశ్న.

"ఆ."

ఆమె ఆయన చేతులకేసి చూసింది.

"నువ్వు అబద్ధం చెప్పినప్పుడల్లా టోపీ గిరగిరా తిప్పుతావు. చెప్పు, ఏం చేశావు?"

చెప్పాడు. ఉతుకుడు సంగతి వచ్చేసరికి రఫీలా కుట్లు అదిమిపట్టుకుని నవ్వింది. నొప్పితో కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి.

"బట్టలొక్కటే కాదులే. నేను దాంతో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

ఆమె కాస్త సిగ్గుపడింది.

"కబుర్లు. బురద దగ్గర నీళ్ళెంతున్నాయి, కొంగలు వచ్చాయా, పందులు ఎటు తవ్వాయి, అట్లాంటివి."

"అవన్నీ దానికెందుకు? పగలంతా అది అక్కడే ఉంటుందిగా."

"నువ్వూ అక్కడే ఉంటావుగా. నువ్వు నాకేమన్నా చెప్పావా? వస్తావు, సంకటి తింటావు, గోడకి తిరిగి పడుకుంటావు. అందుకని పెరట్లోంచి చూసింది కొంత, ఊహించింది కొంత, కలిపి దానికి చెప్పుకుంటాను. జోయానాకి ముందు దాని తల్లికి చెప్పేదాన్ని. ఇంట్లో ఎవరో ఒకరితో మాట్లాడాలి కదయ్యా."

కోపంగా అనలేదు. ఆ మాట ఆయనకు డాక్టరు సూది కంటే లోతుగా దిగింది. లేచి వెళ్ళబోతుంటే రఫీలా వెనక్కి పిలిచింది.

"మధ్యలో మాత్రం ఆపకు. నువ్వు ఆపితే అదీ ఆపేస్తుంది."

ఆ సాయంత్రం జోయానా పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "వాన పడలేదు," అన్నాడు. కాసేపు ఆలోచించాడు. "రేపు కూడా పడదు," అన్నాడు. సరుకు అయిపోయింది. నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. జోయానా ఆయనకేసి చూసిన చూపు రఫీలా చూపులాగే ఉంది.

మర్నాడు ఇరిమియె మంద వెనక నడిచిన నడక వేరు. సాయంత్రానికి అరగంట కబుర్లు కావాలి. అంచేత రోజూ చూసేవాటినే ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికో చెప్పడానికని చూస్తే ఆ నేల ఎంత నిండుగా ఉందో ఆ రోజే తెలిసింది. చెప్పవలసిన మనిషి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చెప్పకుండా దాటేసిన రోజులన్నీ తలుచుకుని ఆయనకు దుఃఖమూ వచ్చింది, ఇంకా సమయముందన్న ధైర్యమూ వచ్చింది. మధ్యాహ్నం రొట్టె, ఉల్లిపాయ తినడం కూడా మరిచిపోయాడు.

సాయంత్రం లంగా కట్టుకుని, పొదుగు కడిగి, మొదలుపెట్టాడు.

"విన్నావా జోయానా, ఊట చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంది, అంటే నీళ్ళు జానెడు తగ్గాయి. నువ్వు పొద్దున అటు దిగలేదు చూడు, అందుకే. నీ గిట్టలు దిగిన గుంటల్లో కప్పలు గుడ్లు పెట్టాయి. వీపు చూస్తే మట్టిరంగు, నేను కర్రతో కదిపితే వెల్లకిలా పడి పచ్చటి పొట్ట చూపించింది ఒకటి, చచ్చినట్టు నాటకం. నల్ల కొంగ వచ్చింది. ఒక్కతే. నువ్వు బురద కెలికి ముందు పోతుంటే నీ వెనకే నడుస్తూ ఏరుకు తింది. నువ్వు చూళ్ళేదా? నేను చూశా. ఓక్ చెట్టు కింద పందులు తవ్వేశాయి, పిల్లలు కూడా ఉన్నట్టున్నాయి, చిన్న గిట్టలు కనపడ్డాయి. మట్టిగట్టులో రంగు పిట్టలు బొరియలు చేశాయి, తేనెటీగల్ని పట్టుకుని కొమ్మకేసి కొట్టి కొట్టి మింగుతున్నాయి, తేనెపట్టెలు పెట్టుకున్న తొదోసియా చూస్తే గుండె ఆగుద్ది..."

పొదుగు మెత్తబడింది. చేతుల్లో ఏదో సడలినట్టయింది, పాలు ధారగా దిగాయి. ఇరిమియె ఊపిరి బిగపట్టాడు. మాట ఆగింది. ధార సన్నబడింది. కంగారుగా మళ్ళీ అందుకున్నాడు.

"ఎలుగు... పైనుంచి ఎలుగు దిగిందట, ప్లమ్ కొమ్మ విరిచిందట, నేను చూళ్ళేదు, విన్నాను. పాము... పామొకటి ఈదుకుంటూ వెళ్ళింది. తర్వాత... తర్వాత ఏముంది..."

కబుర్లు అడుగంటాయి. బకెట్ ఇంకా సగమే. ఆపడానికి వీల్లేదు. లోపల మిగిలింది ఒక్కటే ఉంది, అదే బయటికి వచ్చింది.

"రఫీలా బతికింది జోయానా. నేను రెండు రాత్రులు ఆమె పోతుందేమోననుకున్నా. డాక్టరమ్మకి ఒక్క మాట చెప్పలేకపోయా. నీకు చెప్తున్నా. ఆమె చేతి సంకటి ఇన్నేళ్ళు తిన్నా, బాగుందని ఒక్కసారి అన్లేదు. చలికాలం నేను వచ్చేసరికి పొయ్యి దగ్గర నా మేజోళ్ళు వెచ్చగా పెట్టేది. పెట్టిందని తెలుసు, చూడనట్టు తొడుక్కునేవాణ్ణి. ఎంత అదృష్టమో తెలుసు. చెప్పడమే రాలేదు."

బకెట్ నిండింది. ఇరిమియె భార్య తలగుడ్డతోనే కళ్ళు తుడుచుకుని, జోయానా మెడ మీద నుదురు ఆనించాడు.

వారానికి వాపు తీసింది. పశువుల డాక్టరు పొదుగు నొక్కిచూసి, ఇక తన అవసరం లేదన్నాడు. మా ఊరి అంగడి ముందు మగవాళ్ళు ఊరుకుంటారా. "ఇరిమియె, ఇవ్వాళ ఏం వండావమ్మా?" అని ఒకడు, "లంగా నప్పింది, తీయకు," అని ఇంకొకడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అప్పటికే ఆయనకు మందలో ఉన్నంతసేపూ కబుర్లు ఏరుకోవడమే పని అయిపోయింది.

ఆగస్టు మధ్యలో వచ్చే మరియమ్మ పండుగకు రెండు రోజుల ముందు రఫీలా ఇంటికి వచ్చింది. నలభై రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు అన్నారు. చిక్కి సగమైంది. తొదోసియా కోడిపులుసు పట్టుకొచ్చి, దిండ్లు సర్ది, తనకు తెలిసిన ఊరి సంగతులన్నీ కుమ్మరించి వెళ్ళింది. పాల వేళయ్యేసరికి రఫీలా పడుకోనంది. కొట్టం గడప దగ్గర కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది.

లంగాలో ఉన్న మొగుణ్ణి చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరిమియెకు చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు వీపు పెట్టి కూర్చుని, జోయానా పొట్టకు తల ఆనించి మొదలుపెట్టాడు. కొంగ ఇంకా వెళ్ళలేదని చెప్పాడు, కప్పపిల్లలకు కాళ్ళు వచ్చాయని చెప్పాడు. ధార బకెట్ అడుగున మోగుతోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఇంకో సంగతి జోయానా. ఆమె ఇంటికొచ్చింది. ఈ ఇల్లు నా ఇల్లయింది ఆమె వల్లే అని..."

"ఇరిమియె."

"ఊఁ."

"గేదెకి కాదు. ఇటు తిరిగి చెప్పు."

"తిరిగితే ఇది పాలాపేస్తుందే."

"ఆపితే ఆపనీ."

ఆయన చేతులు పొదుగు మీద నుంచి తీశాడు. తలగుడ్డ ముడి విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముక్కాలిపీట మీదే నెమ్మదిగా వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళు కాపురం చేసిన భార్య ముఖంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం జోయానా సగం బకెట్ పాలే ఇచ్చింది.